మాటలు లేని మాతృభాష

(మందిర్ హసౌద్‌లో తెలుగు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనమున చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగధర్మమున ఉత్తరాదికి వచ్చిన తెలుగువానికి మొదటి వారములోనే ఎదురగు ప్రశ్న యొకటి కలదు. కూరగాయల అంగడిలోనో, రైలుపెట్టెలోనో, అద్దె యింటికి బేరమాడు వేళనో ఎవరో ఒకరు “మీరు మదరాసీయా? ఇంటిలో మదరాసీ మాటలాడుదురా?” అని అడుగుదురు. అడిగినవాని మనస్సులో ద్వేషమేమియు లేదు. వింధ్యకు దక్షిణముననున్న దేశమంతయు అతనికి ఒకే ఊరు. అచ్చటి పలుకంతయు ఒకే భాష. శ్రీకాకుళమువాడైనను, వరంగల్లువాడైనను, చిత్తూరువాడైనను ఆ ప్రశ్నలో ఒక్కటే. మదరాసు రాష్ట్రమునుండి ఆంధ్రరాష్ట్రము 1953లో వేరుపడినది. మదరాసు నగరమే 1996లో చెన్నై అయినది. ఆ మాట మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది.

ఈ ప్రశ్నకు తెలుగువారు సాధారణముగా రెండు విధములైన సమాధానములు చెప్పుదురు. కొందరు నవ్వి, “ఔను” అని ఊరకుందురు. వాదించి ప్రయోజనమేమని వారి భావము. కొందరు చిరాకుపడి అక్కడికక్కడే భూగోళపాఠము ప్రారంభింతురు. పాఠము సగమైనను కాకమునుపే అడిగినవాడు లేచిపోవును. ఈ రెండింటికిని భిన్నమైన మూడవ సమాధానమును సముద్రమునకు ఆవలి యొడ్డున ఒక సంగీత విద్వాంసుడు చెప్పెను. దానిని మాటలతో చెప్పలేదు. సాక్సఫోను అను వాద్యముతో చెప్పెను. ఆ సమాధానములో ఒక భాగమునకు ‘తెలుగు’ అని పేరు. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

ఆ విద్వాంసుని పేరు రుద్రేశ్ మహంతప్ప. అతడు 1971లో ఇటలీ దేశమందలి ట్రియెస్టె నగరమున జన్మించెను. తల్లిదండ్రులు దక్షిణభారతమునుండి వలసవెళ్లినవారు. తండ్రి అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులుగా పనిచేసిరి. బాలుడు పర్వతముల పాదమున నున్న బోల్డర్ పట్టణమున పెరిగెను. చిన్ననాడే సాక్సఫోను చేతబట్టి, చార్లీ పార్కర్ మొదలగు జాజ్ విద్వాంసుల బాణీలను ఆరాధించుచు, బోస్టనులోని బర్క్లీ సంగీత కళాశాలలోను, చికాగోలోని డీపాల్ విశ్వవిద్యాలయములోను విద్యనభ్యసించెను. అతడు పెరిగిన వాతావరణమంతయు అమెరికా వాతావరణము. అతడు నేర్చిన విద్య జాజ్ విద్య. అయినను పేరు విన్నవారును, రూపు చూచినవారును ఇతనికి భారతీయ సంగీతము పుట్టుకతోనే తెలిసియుండునని తలచెడివారు. అట్టి వారి నోట వెలువడెడు ప్రశ్నయే “నీవు ఇండియన్ మాటలాడుదువా?” అనునది. మదరాసీ ప్రశ్నకు ఇది సాక్షాత్తు పెద్దన్న. ‘మదరాసీ’ అను భాష లేనట్లే ‘ఇండియన్’ అను భాషయు లోకమున లేదు.

మహంతప్ప ఈ ప్రశ్నను పట్టుకొని ఒక పని చేసెను. అమెరికాలో నివసించు భారతసంతతివారిని కొందరిని ఇదే ప్రశ్న అడిగి, వారు తమ తమ భాషలలో చెప్పిన సమాధానములను సేకరించెను. ఆ సమాధానముల అర్థమును ప్రక్కనుంచి, వాని ధ్వనిని చెవియొగ్గి వినెను. ఏ అక్షరము ఎంత ఎత్తున పలికినది, ఏది సాగినది, ఏది విరిగినది, ఏ మాటమీద ఊనిక పడినది అను సంగతులను స్వరలిపిలో వ్రాసికొనెను. ఆ స్వరములనుండి రచనలు అల్లెను. అవి 2004లో పై రికార్డింగ్స్ అను సంస్థ ద్వారా ‘మదర్ టంగ్’ అను ఆల్బముగా వెలువడినవి. మదర్ టంగ్ అనగా మాతృభాష. అందలి రచనలకు కన్నడ, గుజరాతీ, తెలుగు, కొంకణి, తమిళ్, మలయాళం అని భాషల పేర్లే పెట్టబడినవి. ‘ఇంగ్లీష్’ అను రచనయు ఒకటి కలదు. ‘ఇండియన్’ అను రచన మాత్రము లేదు. అందే సమాధానమంతయు ఉన్నది.

జాజ్ సంగీతముతో అంతగా పరిచయము లేని సభాసదులకొరకు ఒకటి రెండు మాటలు చెప్పుట అవసరము. సాక్సఫోను తెలుగువారికి బొత్తిగా కొత్తది కాదు. పెండ్లి ఊరేగింపులలో బ్యాండుమేళము వెంట నడచినవారందరును, పాతకాలపు చలనచిత్రముల పాటలు విన్నవారందరును దానిని ఎరుగుదురు. బెల్జియము దేశీయుడైన అడాల్ఫ్ సాక్స్ దీనిని నిర్మించి, 1846లో పారిస్ నగరమున దానికి పేటెంటు పొందెను. ఒడలు ఇత్తడిదైనను మూతికి రెల్లుపుల్ల అమర్చబడియుండును. ఆ పుల్ల కంపించుటచేతనే ధ్వని పుట్టును. కావున ఇది జాతికి బూరకంటె సన్నాయికే దగ్గర. తొలుత సైనిక బ్యాండులలో చేరి, 20వ శతాబ్దిలో అమెరికాలోని నీగ్రోజాతివారని నాడు పిలువబడిన ఆఫ్రికా సంతతి ప్రజల చేతులలో జాజ్ సంగీతమునకు గొంతుకయైనది.

జాజ్ చిన్న బృందమున ముగ్గురు మొదలు ఏడెనిమిదిమంది వరకు ఉందురు. మొదట అందరు కలసి ఒక వరుసను వాయింతురు. పిమ్మట ఒక్కొక్కరు వంతులవారీగా ఆ వరుస వెనుకనున్న స్వరసముదాయముల చక్రము మీద అప్పటికప్పుడు కల్పన చేయుదురు. తుదకు మరల అందరును ఆ వరుసకే చేరుదురు. కర్ణాటక సంగీత సభలలో పల్లవి నెత్తుకొని, కల్పనస్వరములు పాడి, ఎడుపునకు సరిగా వచ్చి చేరుట చూచినవారికి ఈ పద్ధతి పరాయిదిగా తోచదు. మదర్ టంగ్ ఆల్బమున ఉన్నవారు నలుగురే. సాక్సఫోనుపై మహంతప్ప, పియానోపై తమిళ దంపతులకు అమెరికాలో జన్మించిన విజయ్ అయ్యర్, గంభీరస్వరము గల బేస్ వాద్యముపై ఫ్రాన్సు దేశీయుడు ఫ్రాన్స్వా మూటాన్, డ్రమ్ములపై ఇలియట్ హంబర్టో కావీ. ఈ నలుగురిలో తెలుగు ఇంటిభాషగా గలవాడు ఒక్కడును లేడు. అయినను వారు ‘తెలుగు’ వాయించిరి.

మాటనుండి పాట తీయుట వింతగా తోచవచ్చును గాని, ప్రతి యింటిలోను ప్రతి దినము జరుగు విషయమే యిది. “వచ్చావా?” అని అడుగునప్పుడు చివరి ‘ఆ’కారము పైకెగయును. “వచ్చాను” అని బదులు చెప్పునప్పుడు కంఠము మెట్లు దిగినట్లు దిగును. “వచ్చావూ!” అని సాగదీసినచో అది ఎత్తిపొడుపగును. అక్షరములు దాదాపు అవియే. వరుస మారినది, అర్థము మారినది. గోడకావలినుండి మాటలు తెలియకున్నను, అచ్చట జరుగునది కలహమో, బుజ్జగింపో, బేరమో పోల్చుకొనగలము కదా అని ఎవరైనను అన్నచో వారు చెప్పునది ఈ వరుసను గూర్చియే. విజయనగరమువాని తెలుగును, నెల్లూరువాని తెలుగును, కరీంనగరమువాని తెలుగును అర్థము తెలియకమునుపే గుర్తింపజేయునది ఈ వరుసయే. పైగా తెలుగు అజంతభాష. మాట అచ్చుతో ముగియుటచేత అక్షరము సాగుటకు అవకాశమున్నది. సాగిన అక్షరము స్వరమగుటకు ఎంతో దూరము లేదు.

ఈ మార్గమున నడచినవారిలో మహంతప్ప మొదటివాడు కాడు. చెకోస్లొవేకియా దేశపు స్వరకర్త లెయోష్ యానాచెక్ 1928లో మరణించువరకు వీధులలోను, అంగళ్లలోను వినబడిన సామాన్యుల పలుకుల వరుసలను పుస్తకములలో వ్రాసికొనుచుండెను. తన సంగీత నాటకములందలి పాత్రలకు ఆ విద్య ఉపకరించినది. అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ 1988లో రచించిన ‘డిఫరెంట్ ట్రైన్స్’ అను కృతిలో మనుష్యుల మాటల ముక్కలను తీసికొని, తంత్రీవాద్యములచేత ఆ వరుసలనే పలికించెను. మహంతప్ప చేసిన విశేషమేమనగా, అనేక భాషలను కలిపి ఒకటిగా చూచు ప్రశ్నకు సమాధానముగా ఆ విద్యను ప్రయోగించుట. ప్రశ్న అడిగినవాడు భేదములను చెరిపివేసెను. స్వరకర్త ఆ భేదములనే స్వరపరచెను.

ఐనను ‘తెలుగు’ అను పేరు చూచి ఆశతో ఆ రచనను వినుటకు కూర్చుండు తెలుగువానికి తొలుత ఆశాభంగమే కలుగును. అందు ఒక్క తెలుగుమాట లేదు. త్యాగరాజకృతి లేదు, జానపదము లేదు, పద్యము లేదు. సాక్సఫోను, పియానో, బేస్, డ్రమ్ములు తప్ప మరేమియు లేవు. “ఇందులో తెలుగెక్కడున్నది?” అను ప్రశ్న సహజముగా పుట్టును. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

మాటలు లేని తెలుగు తెలుగువారికి తెలియనిది కాదు. త్యాగరాజస్వామి పూర్వులు తంజావూరు సీమలో స్థిరపడిన తెలుగువారు. చుట్టును తమిళము ధ్వనించుచుండగా, తిరువైయారున కావేరీతీరమున నివసించి, 1847లో సిద్ధిపొందువరకు ఆయన తెలుగునందు కృతులు రచించెను. ఆ విధముగ చూచినచో తెలుగువారి సంగీతసంపదలో అధికభాగము తెలుగునాటికి వెలుపలనే పుట్టినది. ఆ కృతులను నేడు వయొలిను మీదను, వీణ మీదను, నాదస్వరము మీదను వాయించుచున్నారు. వాద్యమునకు నోరు లేదు. ఐనను కృతి తెలిసిన శ్రోత తల యూపుచు లోలోపల సాహిత్యమును పలుకుచునే యుండును. వాద్యకారుడును సాహిత్యాక్షరము పడిన చోటనే కమానును త్రిప్పును. అచ్చట మాటలు కనబడకున్నను పోలేదు. వానిని ఎరిగిన చెవులలో దాగియున్నవి.

మహంతప్ప రచనలో అట్లు కాదు. ఎంత తెలుగు తెలిసిన శ్రోతయైనను ఆ స్వరములనుండి మూలవాక్యమును తిరిగి రాబట్టజాలడు. మాట కరిగిపోయినది, నడక మిగిలినది. పూవు వాడినను తావి నిలిచినట్లు, భాష పోయిన పిదప భాషయొక్క ఊపు నిలిచినది. ఇది గొప్పయా, లోపమా? రెండును. తెలుగు రాని నలుగురు విద్వాంసులు తెలుగు పలుకుబడి ఎత్తుపల్లములను అంత శ్రద్ధతో సాధన చేసిరనుట సామాన్యమైన గౌరవము కాదు. కాని మాట లేని నడక ఎంత అందమైనదైనను, దానితో ఎవ్వరును బిడ్డకు అన్నము తినిపింపలేరు, తల్లికి జాబు వ్రాయలేరు. ఆల్బము పేరు మాతృభాష. ఆల్బము నిలుపగలిగినది మాత్రము మాతృభాషయొక్క నీడను. ప్రవాసమందలి తెలుగు కుటుంబములకు ఈ సంగతి పుస్తకములో చదివి తెలిసికొనవలసినది కాదు. పిల్లలు హిందీమాటలనే తెలుగుయాసతో పలుకుట ఎన్ని యిండ్లలో వినబడుచున్నదో అందరికిని తెలియును. నడక మిగిలినది, మాట జారుచున్నది.

ఈ ఆల్బముచేత బోధపడు రెండవ సంగతి మరికొంత ఇబ్బందికరమైనది. ‘మదరాసీ’ అన్నవానిపై చిరాకుపడు తెలుగువాడు తన ప్రక్కయింటివాని భాషను ఏమని పిలుచుచున్నాడు? మందిర్ హసౌద్ చుట్టుపట్ల గ్రామములలో జనులు మాటలాడునది ఛత్తీస్‌గఢీ. ఇచ్చటికి వచ్చిన తెలుగు ఉద్యోగులలో పెక్కురు దానిని ‘పల్లెటూరి హిందీ’ అందురు. అట్లనుటలో వారికిని ద్వేషము లేదు. మదరాసీ అన్నవానికి లేనట్లే. ఛత్తీస్‌గఢీకి వ్యాకరణమున్నది. 19వ శతాబ్దిలోనే హీరాలాల్ కావ్యోపాధ్యాయుడు ఆ భాషకు వ్యాకరణము రచింపగా, గ్రియర్సన్ దానిని 1890లో ఆంగ్లమున ప్రకటించెను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2000 సంవత్సరము నవంబరు 1వ తేదీన అవతరించినది. ఆంధ్రప్రదేశ్ 1956లో అవతరించినదియు అదే తేదీన. 2007లో ఛత్తీస్‌గఢీకి రాష్ట్ర శాసనసభ హిందీతోపాటు రాజభాషాస్థానము కల్పించినది. అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది మరియొకటి కలదు. ఈ రాష్ట్రపు అడవులలో వినబడు గోండీభాష ద్రావిడభాషా కుటుంబమున తెలుగు చేరిన శాఖకే చెందినదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. దూరదేశమునకు వచ్చితిమని తలచు తెలుగువాడు తన భాషకు అక్కచెల్లెలి వరుసయగు భాష పలుకు నేలకు వచ్చియు గుర్తింపలేకున్నాడు.

రాజ్యాంగము అమలునకు వచ్చిన 1950లో అష్టమానుసూచియందు 14 భాషలుండెను. నేడు 22 కలవు. కొంకణి 1992లో చేరినది. అనుసూచిలో ఉన్నను లేకున్నను ప్రతి భాషయు తన్ను మాటలాడువానికి సంపూర్ణమైనదే. మహంతప్ప తన ఆల్బమున కొంకణికిని తమిళమునకును సమానముగా ఒక్కొక్క రచన నిచ్చుటలో ఈ న్యాయమే కనబడును. సంఖ్య చూచి చోటీయలేదు. చెవి చూచి చోటిచ్చెను.

ఇక్కడితో కథ ముగిసినచో ఇది ఒక చమత్కారమైన ప్రయోగముగా మిగిలిపోయెడిది. కాని మహంతప్ప అచ్చట ఆగలేదు. మాటల వరుసను బయటినుండి విని వ్రాసికొనుట ఒక మెట్టు. ఆ నేలయొక్క సంగీత వ్యాకరణమును తెలిసినవారి సరసన కూర్చుండి వాయించుట మరియొక మెట్టు. ఆ రెండవ మెట్టునకు దారి చూపినది ఒక పరిహాసము. విద్యార్థిదశలో అతని అన్న ‘సాక్సఫోను, ఇండియన్ స్టైల్’ అను పేరుగల ఆల్బము నొకదానిని వేళాకోళముగా కానుక యిచ్చెను. అది కద్రి గోపాలనాథ్ వాయించినది. నవ్వుటకై ఇచ్చిన కానుక తమ్ముని జీవితమునే మలుపు త్రిప్పినది.

గోపాలనాథ్ 1949లో దక్షిణకన్నడ సీమలో ఒక నాదస్వర విద్వాంసుని కుమారుడుగా జన్మించెను. మైసూరు రాజభవనపు బ్యాండులో సాక్సఫోనును విని, దానిమీద కర్ణాటక సంగీతము పలికింపవలెనని పట్టుబట్టెను. ఆ పని ఎంత కఠినమో కొంచెము వివరింపవలెను. సాక్సఫోను మీటలు పాశ్చాత్యుల 12 స్వరస్థానములకు బిగింపబడియుండును. రాగమునకు ప్రాణము స్వరస్థానములందుగాక, వాని నడుమ సాగు గమకమునందున్నది. కల్యాణిరాగపు ఏడు స్వరములును జాజ్ విద్వాంసులు లిడియన్ అని పిలుచు వరుసయందలి స్వరములును ఒక్కటియే. ఐనను లిడియన్ వరుసను ఉన్నదున్నట్లు వాయించినచో కల్యాణి పుట్టదు. గాంధారము ఊగవలెను, నిషాదము పైషడ్జమును తాకి రావలెను. మీట అందుకు అడ్డు. పెదవి బిగింపుచేతను, ఊపిరిని అదుపుచేయుటచేతను, మీటను సగము తెరచి పట్టుటచేతను ఆ అడ్డును తొలగింపవలెను. గోపాలనాథ్ ఏండ్లతరబడి సాధనచేసి దానిని సాధించెను. 1994లో లండనులోని బి.బి.సి. ప్రామెనేడ్ కచేరీలలో వాయించెను, 2004లో పద్మశ్రీ పొందెను, 2019లో కీర్తిశేషుడయ్యెను.

ఆయనయు మహంతప్పయు కలసి వాయించిన ఆల్బము 2008లో అదే పై రికార్డింగ్స్ సంస్థ ద్వారా వెలువడినది. దాని పేరు ‘కిన్స్‌మెన్’; అనగా బంధువులు. బృందమున ఏడుగురు కలరు. ఇద్దరు సాక్సఫోను విద్వాంసులు, గిటారుపై కరాచీలో పుట్టిన రెజ్ అబ్బాసీ, బేస్‌పై కార్లో డి రోసా, డ్రమ్ములపై రాయల్ హార్టిగన్, మృదంగముపై పూవలూరు శ్రీజి, వయొలినుపై అవసరాల కన్యాకుమారి. ఈ కడపటి పేరు వద్ద తెలుగువారు ఒక క్షణము నిలువవలెను. ఆమె విజయనగరమువారు.

మందిర్ హసౌద్ స్టేషనునుండి సాగు ఇనుపదారి మహానదిని దాటి, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురము, బొబ్బిలి మీదుగా విజయనగరము చేరును. పార్వతీపురమునకు రాయపురమునకు నడుమ ఆ దారి 1931లో పూర్తియైనది. సెలవులకు ఊరికి పోవు ఉద్యోగులు ఎన్నిమారులో ఎక్కిదిగిన దారియే యిది. ఆ దారి కొనయందున్న పట్టణమున 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిను ఆచార్యులు. ఆ పట్టణపు వయొలిను సంప్రదాయములో కన్యాకుమారి ఇవటూరి విజయేశ్వరరావుగారి వద్ద విద్యారంభము చేసి, పిదప మదరాసున ఎం. చంద్రశేఖరన్‌గారి వద్దను, ఎం. ఎల్. వసంతకుమారిగారి వద్దను శిక్షణ పొందిరి. వసంతకుమారిగారి కచేరీలకు, గోపాలనాథ్ కచేరీలకు ఏండ్లతరబడి సహకరించిరి. 2015లో పద్మశ్రీ లభించినది. 2016 సంవత్సరమునకు మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము లభించినది. వయొలిను విదుషీమణులలో దానిని పొందిన మొదటివారు ఈమెయే. కిన్స్‌మెన్ ఆల్బమున ‘కన్యా ఆలాప్’ అను ఖండిక ఆమె పేరుతోనే యున్నది.

వయొలినును గూర్చి ఒక మాట. నేడది కర్ణాటక సంగీతపు సొంతబిడ్డ వలె కనబడును గాని, అదియు సాక్సఫోను వలెనే పరదేశమునుండి వచ్చినది. రెండు వందల ఏండ్ల క్రిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని ఐరోపీయుని వద్ద అభ్యసించిరి. తంత్రుల శ్రుతి మార్చిరి. నిలిచి వాయించుటకు బదులు కూర్చుండి, కొనను పాదముమీద ఆనించి వాయించిరి. క్రమముగా ఆ వాద్యము గమకము నేర్చినది. నేర్చిన పిదప దానిని పరాయిదనువారు లేరు. కిన్స్‌మెన్ బృందమున గోపాలనాథ్ సాక్సఫోను ప్రక్కన కన్యాకుమారి వయొలిను పలుకునప్పుడు, ఒక తరము ముందువచ్చిన చుట్టము తరువాత వచ్చిన చుట్టమును ఇంటిలోనికి పిలుచుచున్నట్లుండును. వారి ఎదుట మహంతప్ప. అతని రక్తము దక్షిణాదిదే; అతని విద్య అమెరికాది. రక్తముచేత వచ్చినదని లోకము తలచిన సంగీతమును అతడు పెద్దవాడైన పిమ్మట శిష్యునివలె వినయముతో నేర్చికొనవలసివచ్చెను. బంధుత్వమనునది పుట్టుకతో కొంతయు, నేర్చుకొనుటచేత మిక్కిలియు సిద్ధించునని ఆ పేరునకు అర్థము చెప్పికొనవచ్చును.

మదర్ టంగ్ ఆల్బమును, కిన్స్‌మెన్ ఆల్బమును వెంటవెంట వినినచో ఒక వరుస బోధపడును. మొదటిది చెవియొగ్గి వినుట; రెండవది కూర్చుండి నేర్చుట. ప్రవాసమున పెరుగు తెలుగు బాలబాలికలకు ఈ రెండును అవసరమే. తాతగారు ఫోనులో మాటలాడుచున్నప్పుడు మనుమని చెవిలో తెలుగునడక పడుచునే యున్నది. అది ఉచితముగా వచ్చినది. అక్షరములు దిద్దుట, పద్యము వల్లించుట, తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగుననే బదులు చెప్పుట మాత్రము ఉచితముగా రావు. రుద్రేశ్ మహంతప్పకు కూడ రాలేదు. ఆ శ్రమను ఏ ఆల్బమును, ఏ సంఘమును, ఏ వార్షికోత్సవమును ఇంటికి మారుగా చేసిపెట్టజాలదు.

సాయంసమయమున ఇచ్చటి ఉద్యోగుల నివాసముల నడుమ నడచువారికి ఒక వినోదము దొరకును. చీకటిపడు వేళకు ఒక గుమ్మమునుండి తల్లి “ఒరేయ్ చిన్నా! చీకటి పడింది, రా!” అని కేకవేయును, ఆ ‘రా’ ఎంత దూరమైనను సాగును. మరియొక గుమ్మమునుండి ఛత్తీస్‌గఢీలో మరియొక తల్లి తన బిడ్డను పిలుచును. దాని వరుస వేరు, ఊపు వేరు. పిల్లలు మాత్రము ఇద్దరును ఒకే బంతితో ఆడుచుందురు. ఎవని పిలుపు వానికి తెలియును. ఆ రెండు పిలుపులను వేరువేరుగా వినగలిగిన చెవియే మహంతప్ప ఆల్బము కోరు చెవి.

ఇకమీదట అంగడిలో ఎవరైనను “మదరాసీయా?” అని అడిగినచో నవ్వి ఊరకుండ నక్కరలేదు, భూగోళపాఠమును అక్కరలేదు. “కాదు, మాది తెలుగు. మీరు ఇంటిలో ఛత్తీస్‌గఢీయే మాటలాడుదురు కదా?” అని అడిగినచో చాలును. అడిగినవాని ముఖము వికసించును. తన భాష పేరును పరాయివాని నోట వినుట అతనికిని అరుదే.